ఇన్సూరెన్స్ ఏజెన్సీలో మీ ఫైల్ ఎవరెవరు తెరవగలరు? స్టాఫ్ యాక్సెస్ కంట్రోల్ పనిచేసేది ఇలా

బైక్ ఇన్సూరెన్స్ అయిపోవడానికి ఇంకా 20 రోజులు ఉంటుంది. ఈలోపే ఏదో కొత్త నంబర్ నుంచి ఫోన్. "సార్, మీ బండి పాలసీ వచ్చే నెల 4న ఎక్స్‌పైర్ అవుతోంది, మేం తక్కువలో చేసిస్తాం" అంటారు. పేరు కరెక్ట్, మోడల్ కరెక్ట్, తేదీ కూడా కరెక్ట్. కానీ ఆ కంపెనీ పేరు మీరు విననే లేదు. మరి వాళ్లకి ఎలా తెలిసింది?

బండి నంబర్ కొడితే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తుంది, నిజమే. కానీ మీ ఫోన్ నంబర్ అక్కడ కనిపించదు. నంబర్, గడువు తేదీ రెండూ పక్కపక్కనే ఉండే చోట్లు కొన్నే ఉంటాయి: షోరూమ్, రేట్లు పోల్చి చూపించే వెబ్‌సైట్లు, ఇన్సూరెన్స్ కంపెనీ, ఇంకా మనం పాలసీ చేయించుకున్న ఏజెన్సీ. వీటిలో మనం అసలు పట్టించుకోనిది చివరిది. పది మంది స్టాఫ్ ఉన్న ఆ చిన్న ఆఫీసులో మన ఫైల్ ఎవరెవరు తెరవగలరు అని మనం ఎప్పుడూ అడగం.

నేను బ్యాకెండ్ డెవలపర్‌ని. ఇలాంటి ఏజెన్సీలు వాడే సాఫ్ట్‌వేర్ మీదే నా పని. క్లయింట్ల రికార్డులు స్టాఫ్‌లో ఎవరికి ఎంతవరకు కనిపించాలి అన్నది బయటికి చిన్న సెట్టింగ్‌లా అనిపిస్తుంది. లోపలికి వెళ్తే మాత్రం చాలా లోతు ఉంది. అదేంటో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఒక్క రికార్డులో ఏముంటుంది?

పేరు, ఫోన్ నంబర్, అడ్రస్ ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఆధార్, పాన్ కాపీలు, బ్యాంక్ అకౌంట్, నామినీ ఎవరు, జీతం ఎంత అన్నవి కూడా. హెల్త్ పాలసీ అయితే షుగర్ ఉందా, బీపీ ఉందా, పాత ఆపరేషన్లు ఏంటి, ఏ మందులు వాడుతున్నారు అనేవన్నీ ప్రపోజల్ ఫారమ్‌లో రాసిస్తాం. క్లెయిమ్ పెడితే డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు కూడా అదే ఫైల్‌లోకి వెళ్తాయి.

హైదరాబాద్ లాంటి సిటీలో ఎవరో తెలియని మనిషి ఇది చూస్తే ఒక రకం. చిన్న ఊళ్లో పరిస్థితి వేరు. అక్కడ ఏజెన్సీలో పనిచేసే అమ్మాయి మీ పక్కింటి వాళ్ల కోడలు కావచ్చు, అక్కడి అకౌంటెంట్ మీ బాబాయి స్నేహితుడు కావచ్చు. ఇంట్లో ఇంకా చెప్పని జబ్బు, సంబంధాలు చూస్తున్న ఇంట్లో పాత ట్రీట్‌మెంట్ విషయం, నామినీగా ఎవరి పేరు పెట్టారన్నది... ఇవి బయటికి పోవడానికి హ్యాకర్ అక్కర్లేదు, టీ తాగుతూ ఒక మాట అంటే చాలు.

పెద్ద స్థాయిలో ఏం జరుగుతుందో 2024లో చూశాం. స్టార్ హెల్త్ కస్టమర్ల పాలసీ డాక్యుమెంట్లు, మెడికల్ రిపోర్టులు టెలిగ్రామ్ చాట్‌బాట్‌లలో దొరుకుతున్నాయని ఆ సెప్టెంబర్‌లో రాయిటర్స్ బయటపెట్టింది. కంపెనీ హ్యాకర్ మీద, టెలిగ్రామ్ మీద మద్రాస్ హైకోర్టుకి వెళ్లింది. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం. ల్యాబ్ రిపోర్ట్ లీకైతే మార్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఆఫీసులో ఎవరికి ఏం కావాలి?

రూల్స్ రాసే ముందు మేం మొదట వేసుకునే లిస్ట్ ఇది:

టెలీకాలర్: తనకి ఇచ్చిన క్లయింట్ల పేరు, పాలసీ రకం, రెన్యువల్ తేదీ, ప్రీమియం. మెడికల్ రిపోర్టులతో పని లేదు.

డేటా ఎంట్రీ: కొత్త ఫారమ్ ఎక్కించాలి. నిన్నటి, మొన్నటి ఫారమ్‌లు మళ్లీ తెరవాల్సిన అవసరం లేదు.

క్లెయిమ్స్ చూసేవాళ్లు: మెడికల్ పేపర్లు కావాలి. కానీ క్లెయిమ్ నడుస్తున్న క్లయింట్లవి మాత్రమే.

ఫీల్డ్‌లో తిరిగే ఏజెంట్: తను తెచ్చిన క్లయింట్లు మాత్రమే. పక్క ఏజెంట్ క్లయింట్లు అస్సలు వద్దు.

అకౌంటెంట్: ప్రీమియం రసీదులు, కమీషన్. నామినీ ఎవరో, జబ్బు ఏంటో అనవసరం.

ఓనర్: అన్నీ చూడొచ్చు. కానీ ఆయన చూసింది కూడా రికార్డ్ అవ్వాలి.

పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి అన్న ఈ సూత్రం కొత్తదేం కాదు. సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే కంప్యూటర్ సెక్యూరిటీ మీద రాసిన పేపర్‌లో దీన్ని స్పష్టంగా చెప్పారు. ఉద్యోగాన్ని బట్టి అనుమతులు ఇచ్చే రోల్ పద్ధతిని 1992లో అమెరికాలోని నిస్ట్ సంస్థకి చెందిన ఫెరాయిలో, కూన్ ఒక పద్ధతి ప్రకారం రాశారు. ఇప్పుడు మనం వాడే దాదాపు ప్రతి ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రోల్స్ కనిపిస్తాయి.

రోల్ ఒక్కటే ఎందుకు చాలదు?

దీన్ని ఫోన్ భాషలో చెప్తా. ఆండ్రాయిడ్ 6 వచ్చాక యాప్‌లు ఒక్కో పర్మిషన్ వాడేటప్పుడు విడిగా అడగడం మొదలైంది. గ్యాలరీ కావాలా? అలో. అంతే, మీ ఫోటోలన్నీ ఆ యాప్‌కి ఓపెన్. ఒక్క ప్రొఫైల్ ఫోటో పెట్టడానికి వేల ఫోటోలు ఇచ్చేశాం అన్నమాట. తర్వాత ఐఓఎస్ 14లో, ఆండ్రాయిడ్ 14లో "ఎంచుకున్న ఫోటోలు మాత్రమే" అనే ఆప్షన్ వచ్చింది. పర్మిషన్ అదే. కానీ ఏ ఫోటోల మీద అన్నది మన చేతికి వచ్చింది.

ఏజెన్సీ సాఫ్ట్‌వేర్‌లో కూడా సరిగ్గా ఇదే తేడా. "టెలీకాలర్ క్లయింట్ పేజీ చూడొచ్చు" అన్నది రోల్. "ఈ టెలీకాలర్ తనకి ఇచ్చిన 300 మంది పేజీలే చూడొచ్చు" అన్నది రికార్డ్ స్థాయి రూల్. "ఆ పేజీలో కూడా మెడికల్ భాగం కనిపించదు" అన్నది ఫీల్డ్ స్థాయి రూల్. ఏ పని చేయొచ్చు, ఎవరి రికార్డు మీద చేయొచ్చు, ఆ రికార్డులో ఎంత కనిపించాలి: ఈ మూడు ప్రశ్నలకీ విడివిడిగా సమాధానం ఉండాలి. మొదటిదానికి రాసి ఆగిపోతే, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొత్తం క్లయింట్ల లిస్ట్ మొదటి రోజే చేతిలో పెట్టినట్టే.

బటన్ దాచడం సెక్యూరిటీ కాదు

ఇది మన డెవలపర్ ఫ్రెండ్స్ కోసం. స్క్రీన్ మీద మెనూ తీసేస్తే యాక్సెస్ ఆగిపోయినట్టు కాదు. అడ్రస్ బార్‌లో క్లయింట్ నంబర్ 1041 అని ఉందనుకోండి. దాన్ని 1042 చేసి ఎంటర్ కొడితే వేరే క్లయింట్ పేజీ వచ్చేస్తే? సర్వర్ "ఇతను లాగిన్ అయ్యాడా" అని చూసింది గానీ, "1042 ఇతని క్లయింటేనా" అని చూడలేదు.

ఇది చాలా పాత తప్పు, ఇప్పటికీ చాలా చోట్ల ఉన్న తప్పు. వెబ్ సెక్యూరిటీ రిస్కులకి ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన టాప్ 10 లిస్ట్‌లో యాక్సెస్ కంట్రోల్ లోపాలే మొదటి స్థానంలో ఉన్నాయి. ఏపీఐల కోసం విడిగా ఇచ్చే లిస్ట్‌లో అయితే సరిగ్గా ఈ 1041, 1042 సమస్యే 2019లోనూ 2023లోనూ నంబర్ వన్.

నంబర్ బదులు పొడవైన ర్యాండమ్ ఐడీ పెడితే ఊహించడం కష్టమవుతుంది. మంచిదే, కానీ అది తాళం కాదు. ఆ లింక్ ఎవరైనా వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే మళ్లీ మొదటికే వస్తాం. ప్రతి రిక్వెస్ట్‌కీ సర్వర్ అడిగి తీరాలి: అడుగుతున్నది ఎవరు, ఈ రికార్డు ఎవరిది?

డేటాబేస్‌లోనే కాపలా

ఒక సాఫ్ట్‌వేర్‌లో వంద స్క్రీన్లు ఉంటే వంద చోట్లా ఈ చెక్ రాయాలి. తొంభై తొమ్మిది చోట్ల రాసి ఒక్కచోట మర్చిపోతే ఆ ఒక్కటే దారి అవుతుంది. అందుకే ఈ రూల్‌ని డేటాబేస్‌లోనే పెట్టే పద్ధతి ఒకటి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని రో లెవెల్ సెక్యూరిటీ అంటారు. 9.5 వెర్షన్‌తో 2016 జనవరిలో వచ్చింది.

క్లయింట్ల టేబుల్ మీద ఒక రూల్ రాస్తాం: రికార్డులో ఉన్న ఏజెంట్ ఐడీ, ఇప్పుడు లాగిన్ అయిన వ్యక్తి ఐడీ ఒకటే అయితేనే ఆ వరుస చూపించు. ఇక ఏ స్క్రీన్ నుంచి అడిగినా, "మొత్తం క్లయింట్లు ఇవ్వు" అని అడిగినా, డేటాబేస్ ఆ మనిషి వరుసలే ఇస్తుంది. మిగతావి అసలు లేనట్టే ఉంటుంది. కొత్తగా చేరిన ప్రోగ్రామర్ చెక్ రాయడం మర్చిపోయినా వెనక ఇంకో గోడ ఉంటుంది.

వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. ఒకటి, టేబుల్ ఓనర్‌కి ఈ రూల్ మామూలుగా వర్తించదు. అప్లికేషన్ అదే ఓనర్ అకౌంట్‌తో కనెక్ట్ అయితే రూల్ ఉన్నా లేనట్టే. కాబట్టి అప్లికేషన్‌కి వేరే అకౌంట్ ఇవ్వాలి, లేదా ఓనర్‌కి కూడా వర్తించేలా బలవంతం చేసే సెట్టింగ్ ఆన్ చేయాలి. సూపర్‌యూజర్‌ని మాత్రం ఏ సెట్టింగూ ఆపదు. రెండు, వ్యూలు మామూలుగా వాటిని తయారుచేసిన అకౌంట్ హక్కులతో నడుస్తాయి. రిపోర్టుల కోసం చేసిన ఒక వ్యూ ద్వారా మొత్తం డేటా బయటికి వచ్చేయొచ్చు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి దీన్ని మార్చే ఆప్షన్ ఉంది. మూడు, ఒకే కనెక్షన్‌ని చాలామంది యూజర్లు పంచుకునే పూలింగ్ వాడితే, యూజర్ ఐడీని ఆ ట్రాన్సాక్షన్ వరకే సెట్ చేయాలి. లేదంటే రమ్య ఐడీ మిగిలిపోయిన కనెక్షన్ మీద కిరణ్ అడిగితే, రమ్య క్లయింట్లు కిరణ్‌కి కనిపిస్తారు.

ఫోన్ నంబర్ చూపించకుండా ఫోన్ చేయించడం

ఏజెన్సీలో అన్నింటికంటే విలువైనది ఏది అంటే ఆధార్ అనుకుంటాం. కానీ ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్లకి పనికొచ్చేది రెండే కాలమ్‌లు: ఫోన్ నంబర్, రెన్యువల్ తేదీ. ఆ రెండూ ఉంటే ఎదురుగా కొత్త ఏజెన్సీ పెట్టేయొచ్చు. ఓనర్ పదిహేనేళ్లు ఇల్లిల్లూ తిరిగి సంపాదించిన క్లయింట్లు ఒక ఎక్సెల్ ఫైల్‌లో వెళ్లిపోతారు.

టెలీకాలర్ పనే ఫోన్ చేయడం కదా, నంబర్ ఎలా దాస్తాం? క్యాబ్ యాప్‌లలో డ్రైవర్‌కి మన అసలు నంబర్ కనిపించకుండా మధ్యలో ఇంకో నంబర్ ద్వారా కలిపే పద్ధతి మీకు తెలిసిందే. ఇక్కడా అదే. స్క్రీన్ మీద చివరి రెండు అంకెలు, పక్కన కాల్ బటన్. నొక్కితే సర్వరే ఇద్దరినీ కలుపుతుంది. ఆధార్‌కి కూడా మాస్క్డ్ ఆధార్‌లో ఉన్నట్టే చివరి 4 అంకెలు చాలు.

మాస్కింగ్ సర్వర్‌లోనే జరగాలి. సర్వర్ పూర్తి నంబర్ పంపేసి స్క్రీన్ మీద చుక్కలు చూపిస్తే, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచినవాళ్లకి అంతా కనిపిస్తుంది. ఈ ఆర్టికల్ చదివేవాళ్లలో సగం మందికి ఆ పని పది సెకన్లు.

పక్కదారులు

మెయిన్ స్క్రీన్ గట్టిగా ఉన్నా డేటా పక్కనుంచి పోయే చోట్లు ఇవి:

ఎక్స్‌పోర్ట్ బటన్. ఒక్కో రికార్డు చూడటం వేరు, మొత్తం లిస్ట్ ఎక్సెల్‌లో దించుకోవడం వేరు. ఇది విడి పర్మిషన్‌గా ఉండాలి, దించిన ప్రతిసారీ ఓనర్‌కి మెసేజ్ వెళ్లాలి.

సెర్చ్ బాక్స్. పేరు టైప్ చేస్తుంటే కింద వచ్చే సజెషన్లలో వేరేవాళ్ల క్లయింట్లు కనిపిస్తే రూల్ తప్పినట్టే.

పీడీఎఫ్ లింకులు. పేజీకి లాగిన్ అడుగుతుంది, కానీ డిశ్చార్జ్ సమ్మరీ పీడీఎఫ్ లింక్ నేరుగా తెరిస్తే లాగిన్ లేకుండానే వస్తుంది. కొద్ది నిమిషాల్లో గడువు తీరిపోయే లింకులే ఇవ్వాలి.

ఏజెంట్ ఫోన్. యాప్‌లో ఆఫ్‌లైన్ కోసం దాచిన రికార్డులు, గ్యాలరీలో ఉండిపోయిన ఆధార్ ఫోటోలు, సొంత కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకున్న క్లయింట్ నంబర్లు. ఆండ్రాయిడ్‌లో సెక్యూర్ ఫ్లాగ్ పెడితే స్క్రీన్‌షాట్ ఆగుతుంది. కానీ పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫోటో తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. అందుకే "ఒకేసారి ఎంత కనిపించాలి" అన్నది ముఖ్యం. ఒక్క రికార్డు ఫోటో తీయగలరు, పదివేల రికార్డులు కూర్చుని ఫోటోలు తీయలేరు.

మరీ బిగిస్తే ఏమవుతుంది?

ఇక్కడిదాకా చదివాక "అన్నీ లాక్ చేసేస్తే పోలా" అనిపిస్తుంది. అది ఇంకా ప్రమాదం.

రాత్రి 11 గంటలకి హైవే మీద యాక్సిడెంట్. హాస్పిటల్ వాళ్లు పాలసీ నంబర్ అడుగుతున్నారు, క్యాష్‌లెస్ అప్రూవల్‌కి పేపర్లు కావాలంటున్నారు. ఆ క్లయింట్‌ని చూసే ఏజెంట్ ఊరెళ్లి ఫోన్ ఎత్తడం లేదు. ఆఫీసులో ఇంకొకరు అందుబాటులో ఉన్నారు కానీ సాఫ్ట్‌వేర్ "మీకు అనుమతి లేదు" అంటోంది. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే: ఓనర్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగడం. ఆయన చెప్పేస్తారు, చెప్పాలి కూడా. మర్నాటి నుంచి ఆ పాస్‌వర్డ్ ఆఫీసంతా తిరుగుతుంది. ఇక ఎంత అందమైన రోల్స్ రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే అందరూ ఓనరే. లాగ్‌లో కూడా అన్నీ ఓనర్ చేసినట్టే కనిపిస్తాయి.

దీనికి పరిష్కారం అత్యవసర తలుపు. హాస్పిటళ్ల సాఫ్ట్‌వేర్‌లో బ్రేక్ ది గ్లాస్ అనే పేరుతో వాడే పద్ధతే ఇది. అనుమతి లేని రికార్డు తెరవాలంటే కారణం టైప్ చేయాలి, ఆ ఒక్క రికార్డు కొన్ని గంటలు మాత్రమే తెరుచుకుంటుంది, వెంటనే ఓనర్‌కి, ఆ క్లయింట్ ఏజెంట్‌కి మెసేజ్ వెళ్తుంది. పని ఆగదు, దొంగచాటుగానూ జరగదు. లీవ్‌లో వెళ్లేవాళ్లకి కూడా ఇంతే. "పదో తారీఖు దాకా నా క్లయింట్లని సునీత గారు చూస్తారు" అని తేదీతో సహా అప్పగించే ఆప్షన్ ఉండాలి. గడువు అయ్యాక యాక్సెస్ దానంతట అదే పోవాలి.

నా లెక్కలో మంచి యాక్సెస్ కంట్రోల్‌కి అసలు పరీక్ష ఇదే: స్టాఫ్‌కి పాస్‌వర్డ్ పంచుకోవాల్సిన అవసరం రాకూడదు.

లాగ్: ఎవరు చూశారో కూడా రాయాలి

చాలామంది మార్పులు మాత్రమే లాగ్ చేస్తారు: ఎవరు ఎడిట్ చేశారు, ఎవరు డిలీట్ చేశారు. కానీ ఇక్కడ నష్టం చూడటంలోనే ఉంది. కాబట్టి ఎవరు, ఏ రికార్డు, ఎప్పుడు తెరిచారో పడాలి. ఆ లాగ్‌ని అడ్మిన్ కూడా మార్చలేకుండా ఉండాలి. అన్నీ కూర్చుని చదవక్కర్లేదు. రోజుకి 40 రికార్డులు తెరిచే మనిషి ఒక్కరోజే 900 తెరిస్తే అలర్ట్ వస్తే చాలు. రాజీనామా ఇచ్చిన వారంలో అలాంటి అలర్ట్ వస్తే ఓనర్‌కి విషయం అర్థమైపోతుంది.

చట్టం కూడా ఇప్పుడు ఇదే దారిలో ఉంది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, వ్యక్తిగత డేటాకి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 2025 నవంబర్‌లో వచ్చిన రూల్స్ ఆ భద్రత అంటే ఏంటో చెప్పాయి: ఎన్‌క్రిప్షన్ లేదా మాస్కింగ్, యాక్సెస్ కంట్రోల్, ఎవరు చూశారో తెలిసే లాగ్‌లు. ఆ లాగ్‌లు ఏడాది పాటు దాచాలి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కొనే ఏజెన్సీ ఈ ఫీచర్లు ఉన్నాయా లేదా చూసుకుని కొనాలి.

ఐదు నిమిషాల చెకింగ్

మీ ఇంట్లో ఎవరికైనా ఏజెన్సీ ఉన్నా, మీరే ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాస్తున్నా, డమ్మీ క్లయింట్లతో ఇవి ట్రై చేయండి. మీ సొంత సిస్టమ్ మీద మాత్రమే సుమా.

1. ఇద్దరు టెలీకాలర్ల లాగిన్లు తీసుకోండి. ఒకరి క్లయింట్ లింక్‌ని ఇంకొకరి లాగిన్‌లో తెరవండి. తెరుచుకోకూడదు.

2. ఒక పీడీఎఫ్ లింక్ కాపీ చేసి ఇన్‌కాగ్నిటో విండోలో పెట్టండి. రాకూడదు.

3. ఫీల్డ్ ఏజెంట్ లాగిన్‌తో రిపోర్ట్ దించండి. అందులో ఆయన క్లయింట్లే ఉండాలి.

4. ఒక స్టాఫ్ అకౌంట్ ఆపేయండి. అప్పటికే ఆ మనిషి ఫోన్‌లో లాగిన్ అయి ఉన్న యాప్ కూడా ఆగిపోవాలి. వెబ్‌లో ఆగి యాప్‌లో నడుస్తూనే ఉంటే ఆపనట్టే.

5. నిన్న సాయంత్రం 4 గంటలకి ఈ డమ్మీ రికార్డు ఎవరు చూశారు అని సాఫ్ట్‌వేర్‌ని అడగండి. జవాబు రావాలి.

ఇక కస్టమర్‌గా మనం చేయగలిగింది కూడా ఉంది. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్డ్ కాపీ సరిపోతుందేమో ముందు అడగండి. మెడికల్ పేపర్లు ఏజెంట్ వాట్సాప్‌కి పంపేకంటే, వీలైతే కంపెనీ యాప్‌లో మీరే అప్‌లోడ్ చేయండి. పాలసీ చేయించుకునేటప్పుడు ఏజెంట్ గారిని ఒక్క ప్రశ్న అడగండి: "మా ఫైల్ మీ ఆఫీసులో ఎవరెవరికి కనిపిస్తుందండీ?" ఆయన వెంటనే చెప్పగలిగితే ఆ ఆఫీసులో ఎవరో ఒకరు దీని గురించి ఆలోచించారని అర్థం. "అందరికీ కనిపిస్తుంది, ఏం పర్లేదు" అంటే మాత్రం, ఆ ప్రపోజల్ ఫారమ్ ఇంకెక్కడ నింపొచ్చో ఒకసారి ఆలోచించండి.